కార్డు మీద మూడో పేరు

ఇజెబు-ఒదె
22 ఆగస్టు 1988

లబీ,

ముందు చీవాట్లు, తరవాతే క్షేమ సమాచారాలు. కవలల ఫోటో పంపావు, బాగుంది. వెనకాల ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది? ఎవరు తైవో, ఎవరు కెహిందే? అమ్మ అడిగితే నోటికొచ్చినట్టు చెప్పేశాను. తప్పయితే ఆ పాపం నీదే. అమ్మ కళ్లద్దాలు తుడుచుకుని, ఫోటోను కుట్టుమిషను దగ్గరి దీపం కింద పెట్టుకుని గంటసేపు చూసింది. చిత్రమేమిటంటే పసివాళ్లనీ కోడలు లాదీనీ వదిలేసి నిన్నే చూసింది. ముప్పై నాలుగేళ్లుగా చూస్తున్న మొహంలో కొత్తగా ఏం కనిపించిందో మరి.

ఇక అసలు సంగతి. మొన్న ఆదివారం చర్చి వదిలాక మన కాంట్రాక్టరు బాందెలే లాగోస్ నుంచి దిగాడు. చొక్కా మార్చుకోకుండానే మీటింగు పెట్టాడు. మీటింగంటే ఎవరు? వాడూ నేనూ, పక్కన మిషను తొక్కుకుంటూ అమ్మా.

"అక్కయ్యా, నవంబరుకి అమ్మకి డెబ్భై నిండుతున్నాయి. ఊరు అదిరిపోవాలి," అన్నాడు.

"ఊరేం పాపం చేసిందిరా?" అంది అమ్మ, దారం కొరుకుతూ.

అమ్మ మాట ఎవరు విన్నారు గనక! మహాజ్వరాల ఏడు, అంటే 1918 నవంబరులో పుట్టిందని నాన్న చర్చి పుస్తకం చూసి లెక్క కట్టాడు గదా, అందుకని నవంబరు 19 శనివారం ఖాయం చేశాం. మూడు షామియానాలు. ఒకటి నాది, ఒకటి బాందెలేది, ఒకటి నీది. నువ్వు ఉత్తరాదికి పోయి పదేళ్లయింది గనక పద్ధతి మరిచావేమో, గుర్తు చేస్తున్నాను. కార్డు మీద పేరున్నవాడికి షామియానా ఉండాలి. ఆ షామియానా కింద కూర్చున్నవాళ్లకి అన్నం, మాంసం, తాగడానికి సీసాలు, వెళ్లేటప్పుడు అమ్మ బొమ్మ అచ్చువేసిన గిన్నె, అన్నీ ఆ పేరుగలవాడి ఖర్చే. ఒకడి అతిథికి ఇంకొకడి కుండలోంచి గరిటెడు కూడా పోదు.

ఇంటిల్లిపాదికీ ఒకే బట్ట. నేరేడుపండు రంగు లేసు ఎంచాను. ఇందులో ముక్క పెట్టాను, చూడు. నీకూ లాదీకీ ఎన్ని గజాలు కావాలో, నీ షామియానా కింద ఎన్ని కుర్చీలు వెయ్యాలో వెంటనే రాయి.

దుకాణంలో చేపల పెట్టెలు దిగుతున్నాయి. నేను పక్కన లేకపోతే ఐసుకి ఐసే కరిగిపోతుంది.

నీ అక్క,
ఇబిదున్

*

గోంబె
11 సెప్టెంబరు 1988

అక్కయ్య గారికి తమ్ముడు అకిన్లబీ సాష్టాంగపడి రాస్తున్నది.

ఫోటోలో మొహం చిట్లించినవాడు తైవో. నిద్రపోతున్నది కెహిందే. మీరు అమ్మకి తిరగేసి చెప్పి ఉంటే ఫరవాలేదు, మేమే రోజుకి రెండుసార్లు తికమకపడుతున్నాం. లాదీ గుర్తుకోసం తైవో కాలికి ఎర్రదారం కట్టింది. దాన్ని కెహిందే నోట్లో పెట్టుకుని నమిలింది.

అమ్మకి డెబ్భై అంటే సంతోషంగా ఉంది. నాకు మాత్రం అమ్మ ఎప్పుడూ యాభై ఏళ్ల దగ్గరే ఆగిపోయినట్టుంటుంది. బట్ట ముక్క చూసి లాదీ మురిసిపోయింది. గజం ఎంతని అడిగితే నేను మాట మార్చాను.

అక్కయ్యా, మూడు షామియానాలు ఎందుకండీ? అమ్మ ఒక్కతే గదా. ఒక్కటే పెద్దది వేసి అందరూ దాని కిందే కూర్చుంటే కాదా? ఇక్కడ మా మామగారి ఊళ్లో పుట్టినరోజంటే ఒక మేక, ఒక కుండ, ఎవరొస్తే వాళ్లు తినడం. చెప్పానని కోప్పడకండి, ఊరికే అన్నాను. అన్నయ్య హోదా అన్నయ్యది.

నవంబరంటే మా బడిలో పరీక్షలు. సెలవు దొరుకుతుందో దొరకదో ఇప్పుడే చెప్పలేను. కుర్చీల లెక్క కూడా ఇప్పుడే ఏం రాస్తాను. కార్డు సంగతీ, అందులో నా పేరు సంగతీ మీ ఇష్టం.

ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. జొన్న ఏపుగా ఉంది.

మీ తమ్ముడు,
అకిన్లబీ

*

ఇజెబు-ఒదె
30 సెప్టెంబరు 1988

లబీ,

మీ ఇష్టమా? కన్నతల్లి డెబ్భయ్యో పుట్టినరోజు మా ఇష్టమా? నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. జొన్న ఎలా ఉందో రాశావు, వాన ఎలా పడిందో రాశావు. ఎన్ని కుర్చీలో రాయడానికి సిరా అయిపోయింది!

జూన్‌లో మన వీధి చివరి ఇయా ఫొలుషో ఎనభయ్యో పుట్టినరోజు జరిగింది. నువ్వు లేవు, విను. ఆవిడ చిన్నకొడుకు కార్డు మీద దర్జాగా పేరు వేయించుకుని, షామియానా వేసి, కింద వంట మాత్రం మరిచాడు. అన్నలు చూసుకుంటారులే అనుకున్నాడట. వాడి బ్యాంకు స్నేహితులు పద్దెనిమిదిమంది వచ్చారు. పళ్లేలు మోసే ఆడపిల్లలు అలవాటు ప్రకారం "మీరు ఎవరి మనుషులండీ?" అని అడిగారు. చిన్నబ్బాయి గారి మనుషులం అన్నారు. "అయితే అటు వెళ్లండి." అటు వెళితే కుర్చీలున్నాయి, కూడు లేదు. ఇటు వస్తే "మీరు మా మనుషులు కాదే!" ఆఖరికి ఆ కోట్లూ టైలతోనే రోడ్డు పక్కన కాల్చిన మొక్కజొన్న పొత్తులు కొనుక్కు తిన్నారు. ఆ మాట ఇప్పటికీ బజారులో నలుగుతోంది. రేపు మన అమ్మ గురించి నా చేపల దుకాణం ముందు నిలబడి అలాగే చెప్పుకుంటే నేను మొహం ఎక్కడ పెట్టుకోను?

నాకు తెలుసు ఈ మాటలు నీవి కావు. మేక, కుండ, మామగారి ఊరు. ఆ అమ్మాయి నేర్పిన మాటలు. ఆవిడకి మా పద్ధతి దుబారాగా కనిపిస్తోంది కాబోలు. నీ పెళ్లప్పుడు నేనొక్క మాట అనలేదు, ఇప్పుడూ అనను. అయినా అడుగుతున్నాను. అత్తగారి పండగంటే ఆవిడకి ఇంత బరువా?

బాందెలే కూడా అడుగుతున్నాడు. "వాడు ఉలకడు పలకడు, వాడికి అమ్మ లేదా?" అన్నాడు. అమ్మ మాత్రం "వాడి జోలికి పోకండి" అని మళ్లీ మిషను తొక్కుకుంటోంది. చిన్నకొడుకని ఎప్పుడూ నీ వైపే.

కార్డు సోమవారం అచ్చుకి ఇస్తున్నాను. మూడు పేర్లూ నా చేత్తోనే రాశాను. నేను, బాందెలే, నువ్వు. మొదటి కట్ట రాగానే బస్సు డ్రైవరు సాని చేతికిచ్చి పంపుతాను. ఈసారి అంకె రాయి, కవిత్వం వద్దు.

ఇబిదున్

*

గోంబె
16 అక్టోబరు 1988

శ్రీమతి ఇబిదున్ గారికి,

కార్డు అందింది. సాని తిన్నగా బడికే తెచ్చిచ్చాడు. బంగారు అంచు, మధ్యలో అమ్మ బొమ్మ, చాలా బాగుంది. కింద "ఆహ్వానించువారు" అని ఉంది. ఇబిదున్, బాందెలే. అంతే. రెండు పేర్లు. తోటి మాస్టర్లు చుట్టూ మూగి చూస్తున్నారు. "మీ అమ్మగారిదే గదా, మరి నీ పేరేదయ్యా?" అని ఒకాయన అడిగాడు. అచ్చు తప్పన్నాను.

అచ్చు తప్పు కాదని నాకు తెలుసు. మీరు మూడు పేర్లు రాశానన్నారు. తరవాత ఏం జరిగిందో ఊహించుకోగలను. కుర్చీల లెక్క రాయనివాడికి పేరెందుకని అన్నయ్య అని ఉంటాడు, మీరు సరే అని ఉంటారు. మీ ఇష్టం అన్నాను గదా, నా మాటే నాకు తగిలింది.

ఇక దాచను. ఈస్టరు నుంచి మా బడిలో జీతాలు లేవు. పంటలు అమ్ముడయ్యాక ఫీజులు వస్తాయి, అప్పుడిస్తానంటాడు యజమాని. ఈలోగా కవలలు పుట్టారు. ఒకరికి దాచినదాంతో ఇద్దరికి నెట్టుకొచ్చాం. షామియానా వెయ్యలేనని రాయడానికి కలం పట్టుకున్నప్పుడల్లా చెయ్యి సాగలేదు. అందుకే వానల గురించి రాశాను.

లాదీని మీరు అన్న మాట ఆమెకి చదివి వినిపించలేదు. ఇది మాత్రం మీరు తెలుసుకోవాలి. నా మోటారు సైకిలు అమ్మించి నేరేడు రంగు లేసు కొనిపించింది ఆమె. "షామియానా లేకపోతే పోయింది, కనీసం ఒకే బట్టలో నిలబడదాం" అంది. ఇప్పుడు రోజూ బడికి నాలుగు మైళ్లు నడుస్తున్నాను. ఆ బట్ట పెట్టెలోనే ఉంది, ఇంకా కుట్టించలేదు.

పేరు లేని కొడుకు పండక్కి వచ్చి ఎక్కడ కూర్చుంటాడు? ఆ పిల్లలు పళ్లెం పట్టుకుని మీరు ఎవరి మనుషులని అడిగితే ఏం చెప్పను? నేను రాను. అమ్మకి సెలవు దొరకలేదని చెప్పండి. పిల్లల్ని తరవాతెప్పుడైనా తీసుకొచ్చి చూపిస్తాను.

అకిన్లబీ

*

ఇజెబు-ఒదె
23 అక్టోబరు 1988

ఒరే లబీ, నా తండ్రీ,

నీ ఉత్తరం దుకాణంలో చదివాను. చదువుతూ ఉండగా ఎవరో చేప బేరమాడితే "ఊరికే తీసుకుపో" అన్నానట. తీసుకుపోయింది కూడా.

ఒట్టేసి చెబుతున్నాను, నాకు తెలియదు. కార్డుల కట్ట విప్పకుండా అలాగే సానికిచ్చేశాను. నీ ఉత్తరం చూశాకే మిగతా కట్ట విప్పాను. రెండే పేర్లు! ఇది బాందెలే పనే అనుకున్నాను. ముందు అచ్చాఫీసుకి పోయి అక్కడి నుంచి లాగోస్ పోయి వాణ్ని దులిపేద్దామని తలగుడ్డ బిగించుకుని బయల్దేరాను. అచ్చువేసే ముసలాయన నా అరుపులకి టైపు పెట్టె మీద చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

"నా మీద ఎగరకండమ్మా. పెద్దావిడ వచ్చి చెప్పారు."

"ఏ పెద్దావిడ?"

"మీ అమ్మగారండీ. గొడుగేసుకుని ఒక్కరే వచ్చారు. నా చిన్నవాడి పేరు ఏదో వేలు పెట్టి చూపించమన్నారు. చూపించాను. నా చేతిలో పెన్ను తీసుకుని, ఇదిగో, అడ్డంగా గీత కొట్టారు. ఎవరితోనూ అనొద్దన్నారు."

కాగితం చూపించాడు. నా అక్షరాల మీద వంకర గీత. అమ్మకి చదవడం రాదు గానీ కొట్టెయ్యడం బాగా వచ్చు.

ఇంటికొచ్చి మిషను చక్రం పట్టుకుని ఆపేశాను. "నీ కన్నకొడుకు పేరు నువ్వే కొట్టేస్తావా?" అన్నాను. అమ్మ తొణకలేదు. ఫోటో తీసి నా ముందు పెట్టింది.

"చూడు. పిల్లలవి కొత్త బట్టలు. కోడలి తలగుడ్డ కొత్తది. వీడి కాలర్ చూడు."

"ఏముంది, కాలరే గదా."

"నీ మొహం. అది నేను నాలుగేళ్ల కింద కుట్టిన చొక్కా. కాలర్ అరిగిపోతే విప్పి, లోపలి వైపు పైకి తిప్పి కుట్టించుకున్నాడు. అరవయ్యేళ్లుగా కాలర్లు తిప్పుతున్నదాన్ని, ఆ కుట్టు నాకు తెలియదా? జీతం వస్తున్న మాస్టరు చొక్కా కొనుక్కుంటాడు. వీడికి జీతం రావడం లేదే అమ్మాయీ."

"మరి నాకు చెప్పొచ్చుగా!"

"నీకు చెబితే బాందెలేకి చెబుతావు. వాడు పదిమందిలో 'తమ్ముడి షామియానా కూడా నాదే' అంటాడు. చిన్నవాడు ఆ మాట మొయ్యలేడు. కార్డు మీద పేరుంటే వాడు ఖర్చు పెట్టాలి. పేరు లేకపోతే వాడు ఊరికే నా కొడుకు. వచ్చి తిని పోతాడు."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ అమ్మ అడక్కుండానే కొట్టేసింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

నువ్వు రానన్న సంగతి చెప్పగానే మాత్రం అమ్మ మొహం మారిపోయింది. తరవాత కాగితం తీసుకోమంది. ఇక్కణ్నుంచి అమ్మ మాటలు, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"లబీ, నేను తప్పు చేశాను. నీ బరువు దించుతున్నాననుకుని నీ పరువు తీశాను. కొట్టేసేముందు నీకు కబురు పెట్టాల్సింది. ఇప్పుడు కార్డు మళ్లీ అచ్చు వెయ్యను. మూడో షామియానా వేస్తున్నాను, నాది. కుట్టుకూలి దాచుకున్నదాంతో. దాని కింద కూర్చునేది నా అతిథులు. నువ్వు, లాదీ, నేనింకా ఎత్తుకోని ఇద్దరు పిల్లలు. నాకు డెబ్భై వస్తున్నాయి, ఎనభై వస్తాయో రావో తెలియదు. నా పిల్లల్ని తీసుకురా."

ఇది విని బాందెలే చిందులు తొక్కుతున్నాడు. "ముగ్గురు పిల్లలు బతికుండగా పుట్టినరోజు మనిషే పొయ్యి పెట్టుకుంటే జనం మొహాన ఉమ్మేస్తారు" అంటాడు. అమ్మ ఒకటే మాటంది. "నా పుట్టినరోజున నేను ఒక పూట అన్నం పెట్టుకోకూడదట్రా?"

లాదీకి నేను ఏమని రాయను? నోరు పారేసుకున్నాను. మోటారు సైకిలు అమ్మి బట్ట కొన్న పిల్లని పట్టుకుని అత్తగారు బరువా అన్నాను. వచ్చాక ఆమె ఎదురుగానే తప్పొప్పుకుంటాను. ఈలోగా నువ్వు నా తరఫున చెప్పు.

ఆ బట్ట కుట్టించు.

నీ అక్క,
ఇబిదున్

*

గోంబె
3 నవంబరు 1988

అక్కయ్యకు సాష్టాంగపడి,

వస్తున్నాం. నలుగురం.

మీ ఉత్తరం మాస్టర్ల గదిలో విప్పాను. అమ్మ మాటల దగ్గరికి వచ్చేసరికి ఆగలేకపోయాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. నా పేరెక్కడని అడిగిన మాస్టరు కంగారుగా నీళ్లు తెచ్చి, "అమ్మగారు బాగానే ఉన్నారా?" అన్నాడు. ఇంత బాగా ఎప్పుడూ లేదు అన్నాను.

రెండు నెలలుగా గుండె మీద ఒక రాయి పెట్టుకు తిరుగుతున్నాను అక్కయ్యా. షామియానా ఎలా వెయ్యను, వెయ్యలేనని ఎలా చెప్పను. నేను మింగలేక కక్కలేక ఉన్న ఆ మాటని అమ్మ ఫోటోలోంచి లాగేసింది. ఆ రోజు మరో చొక్కా వేసుకుని ఉంటే ఏమైపోయేదో.

లాదీకి అంతా చదివి వినిపించాను, మీరు సెప్టెంబరులో రాసింది కూడా. కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది. "ఆడబిడ్డ అంత మాట అన్నదంటే నన్ను ఇంట్లో మనిషి కింద లెక్కేసినట్టే" అంది. "తప్పొప్పుకోవడం అక్కర్లేదు, నాకు ఇజెబు వంట ఒకటి నేర్పమను" అని రాయమంది.

మా మామగారు ఒక బస్తా వేరుశెనక్కాయలు ఇస్తున్నారు. అతిథులు ఉత్త చేతుల్తో వెళ్లకూడదన్నారు. సాని బస్సు మీద వేస్తానన్నాడు. దర్జీ బట్ట కుడుతున్నాడు. కాలర్ కొత్తదే పెట్టమని గట్టిగా చెప్పాను.

పదిహేడో తారీఖు సాయంత్రానికి అక్కడుంటాం.

మీ లబీ

*

గోంబె
25 నవంబరు 1988

అక్కయ్యా,

చేరాం. దారిలో తైవో ఒకసారి, కెహిందే మూడుసార్లు సాని చొక్కా మీద కక్కారు. వాడు పుణ్యాత్ముడు, పల్లెత్తు మాట అనలేదు.

మీరు మీ అతిథుల హడావుడిలో ఉండి కొన్ని చూడలేదు, అందుకని రాస్తున్నాను. శనివారం చర్చి నుంచి మేం కాస్త వెనకగా వచ్చాం. గేటు దగ్గర పళ్లెం పట్టుకున్న ఒక పిల్ల ఎదురొచ్చి, సరిగ్గా నేను భయపడ్డ మాటే అడిగింది. "మీరు ఎవరి మనుషులండీ?"

ఇంత దూరం వచ్చి అక్కడ కాళ్లు ఆగిపోయాయి. లాదీ చంకలో బిడ్డని భుజం మార్చుకుని, వచ్చీరాని మన యోరుబా మాటల్లో, "పుట్టినరోజు ఎవరిదో వాళ్ల మనుషులం," అంది.

ఆ పిల్ల ఒక్క క్షణం చూసి, పళ్లెం కింద పెట్టి, మోకాళ్లు వంచి దండం పెట్టింది. "అయితే రండి, అమ్మమ్మ ఇందాకటి నుంచి గేటు వైపే చూస్తోంది," అంది.

అమ్మది పన్నెండు కుర్చీల షామియానా. అన్నయ్య వైపు ఆవు మాంసం, వేయించిన అన్నం, సీసాలు కొండల్లా ఉన్నాయి. మా వైపు ఒకే కుండ, అమ్మ స్వయంగా కలిపిన పెండలం కూర, మన ఇకొకొరే. దాని వాసన తగిలాక అన్నయ్య పెద్దమనుషులు ఒక్కొక్కరే మా వైపు జరగడం మొదలుపెట్టారు. తెల్లటోపీ ముసలాయన ఒకరు నా కుర్చీ అంచు మీద కూర్చుని, "బాబూ, మా అమ్మ పోయాక ఇది తినలేదు," అన్నాడు. అమ్మ కవలల్ని ఒళ్లో వేసుకుని ఎవరికీ ఇవ్వలేదు. నాట్యానికి పిలిచినప్పుడు కూడా ఇద్దర్నీ ఎత్తుకునే లేచింది. జనం మన పద్ధతి ప్రకారం అమ్మ నుదుటి మీద డబ్బు నోట్లు అంటిస్తుంటే కెహిందే వాటిని పీకి నోట్లో పెట్టుకుంది.

ఒక్కటే ముల్లు మిగిలింది. అన్నయ్య నాతో మాట్లాడలేదు. రెండుసార్లు మా షామియానా పక్కనుంచే వెళ్లాడు. నన్ను చూశాడు, తల తిప్పుకున్నాడు. అమ్మ చేత పొయ్యి పెట్టించానని కోపం కాబోలు. వెళ్లేటప్పుడు కాళ్లకి మొక్కితే భుజం తట్టాడంతే. మీరు వీలు చూసి చెప్పండి, నాకు ఆయన మీద ఏ కోపమూ లేదని.

జీతాలు వచ్చే నెల ఇస్తానంటున్నాడు యజమాని. పంటలు అమ్ముడవుతున్నాయి గనక ఈసారి నమ్మొచ్చు.

మీ తమ్ముడు,
లబీ

*

ఇజెబు-ఒదె
8 డిసెంబరు 1988

లబీ,

ఇకొకొరే నేర్చుకుంటూ లాదీ పెండలం తురిమిన తీరు గురించి అమ్మ వీధంతా చెబుతోంది. ఉప్పు ఎక్కువైందన్న సంగతి మాత్రం చెప్పడం లేదు. నేనూ చెప్పను.

బాందెలే సంగతి నేను చెప్పాల్సిన పని పడలేదు. మొన్న మంగళవారం మధ్యాహ్నం వాడే వచ్చాడు. కారు చప్పుడు లేదు, డ్రైవరు లేడు. లాగోస్ బస్సు దిగి, కోటు చేతి మీద వేసుకుని నడిచి వచ్చాడు. చెప్పులనిండా దుమ్ము.

"కారేదిరా?" అన్నాను.

"షామియానా కింద పోయింది," అన్నాడు.

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఏడాదిగా వాడికి ఒక్క కాంట్రాక్టు కూడా రాలేదట, లబీ. ఒక్కటి కూడా. మనకి చెప్పలేదు, పెళ్లానికీ చెప్పలేదు. ఆవుకీ, బ్యాండుకీ, ఆ బంగారు అంచు కార్డులకీ ముందే అప్పు చేశాడు. పండగ అయ్యాక ఆ అప్పు తీర్చడానికి కారు అమ్మేశాడు. అప్పు చేసి పప్పుకూడు అని మనం ఊళ్లో వాళ్లని వెక్కిరించేవాళ్లం గదా, ఆ కూడే మన ఇంట్లో వడ్డించాడు. నేను మీటింగు రోజున తల ఊపి, షామియానాలు లెక్కపెట్టి, వాడికంటే ఎక్కువ ఎగిరాను.

అమ్మ మిషను ముందు పీట మీద కూర్చున్నాడు. ఇంత మనిషి, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. నీ మీద కోపం కాదట. "వాడు నీ పక్కన కూర్చుని నీ చేతి వంట తింటున్నాడు. నాకేమో సీసాలు తక్కువయ్యాయని కబురు మీద కబురు. వాణ్ని చూస్తే ఏడుపొస్తుందని తల తిప్పుకున్నాను," అన్నాడు. తల ఎత్తకుండానే ఇంకో మాట అడిగాడు.

"అమ్మా, ఆ చేత్తోనే నా పేరు కూడా కొట్టెయ్యలేకపోయావా?"

అమ్మ వాడి తల మీద చెయ్యి వేసింది. "నీ పేరు కొట్టేస్తే నువ్వు అచ్చాఫీసు తగలబెట్టేవాడివి గదరా," అంది. వాడు ఏడుస్తూనే నవ్వాడు. చిన్నప్పుడు మామిడిచెట్టు మీంచి పడ్డాక ఇంత హాయిగా ఏడవడం నేను మళ్లీ చూడలేదు. చెప్పుకున్నాక మనిషి తేలికపడ్డాడు. ఇప్పుడు చిన్న గది అద్దెకి తీసుకుని ఇటుకల వ్యాపారం మొదలుపెడతానంటున్నాడు. మంచిదే. నీకు తనే ఉత్తరం రాస్తానన్నాడు, చూసుకో.

నేను గుమ్మం దగ్గర గరిటె పట్టుకుని నిలబడి ఇదంతా విన్నాను. నిజం చెప్పనా లబీ? ఈ ఇంట్లో అందరికంటే పెద్ద గొంతు నాది. ఐసు పెట్టెలు రెండు అమ్మి నా షామియానా వేశాను. ఎవరితోనూ అనలేదు. కార్డు మీద నా పేరు అందరికంటే పైన ఉన్నందుకు గర్వపడుతూనే, రోజూ పొద్దున్నే లేవగానే డబ్బాలో మిగిలిన డబ్బు లెక్కపెట్టుకునేదాన్ని. వాడు అడిగిన మాటే నేనూ అడగాలనుకున్నాను.

అడిగేశాను కూడా. "నాది కూడా కొట్టేసి ఉండాల్సిందమ్మా," అన్నాను.

అమ్మ మా ఇద్దర్నీ మార్చిమార్చి చూసింది. లేచి, చేతులు కడుక్కుని, కుండ దింపి, పాత రేకు పళ్లెం ఒకటి తీసి వేడివేడి ఎబా ముద్ద, చేపల పులుసు మా ఇద్దరికీ కలిపి పెట్టింది. మేమిద్దరం నేల మీద ఎదురెదురుగా కూర్చుని, ముక్కల కోసం పేచీ పెట్టుకోకుండా తిన్నాం.

నీ అక్క,
ఇబిదున్